పలకమీద రెండు మాటలు

పురటాసి మాసము సగము గడచి, సంజీవి కొండమీదికి మబ్బులు దిగ మొదలిడునప్పటికి మా రాజపాళయమున ప్రతి యింటను ఒకే ప్రశ్న వినబడును: "పిల్లలకు సెలవులు ఎప్పటినుంచి?" పంచాంగము చూచి పండుగను తెలిసికొనువారు కొందరు. క్వార్టర్లీ పరీక్షల పట్టిక చూచి తెలిసికొనువారము మేము. పరీక్షలు ముగియుట, బొమ్మల కొలువు, సరస్వతీ పూజ, తొలి వానలు, ఈ నాలుగును మా యూర ఇంచుమించుగా ఒకే వారమున వచ్చును. చెన్నపట్టణమునను, కోయంబత్తూరునను కాపురమున్న బిడ్డలు పిల్లలతో దిగుదురు. మూడు నెలల వార్తలన్నియు ఒక్క పూటలో చెప్పుకొందుము.

2025వ సంవత్సరము సెప్టెంబరు చివర మా మనుమడు తొమ్మిది దినముల సెలవులకై తల్లితోకూడ పొదిగై రైలులో వచ్చెను. వాడు చెన్నపట్టణమున మూడవ తరగతి చదువుచున్నాడు. వాని వార్తలు వానికి పెద్దవి. ముందరి పన్ను ఊడినది. లెక్కలలో నూటికి తొంబదిరెండు వచ్చినవి. ప్రక్కన కూర్చుండు స్నేహితుడు బడి మారిపోయెను. ఈ సంగతి చెప్పునపుడు మాత్రము వాని గొంతు తగ్గెను. ఇవన్నియు వాడు నాకు తమిళమున చెప్పెను. నేను తెలుగున అడుగుదును. వాడు తమిళమున బదులు చెప్పును. ఇద్దరికిని అర్థమగును గనుక లోటేమియు లేదని మా యింటివారి మతము. నేనును చాలకాలము అట్లే అనుకొంటిని.

నేను 1958లో విజయదశమినాడు ఒకటవ తరగతిలో చేరితిని. పలకయు, బలపమును, మధ్యాహ్న భోజనమునకై యొక అల్యూమినియం పళ్ళెమును నా సామగ్రి. మా పొరుగు విరుదునగరమువారైన కామరాజుగారు ముఖ్యమంత్రిగా నున్న దినములవి. ఆయన కాలమున బడిలో అన్నము పెట్టు పథకము రాష్ట్రమంతట వ్యాపించెను. ఇప్పుడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ఉదయపు ఫలాహారమును పెట్టుచున్నారు. 2022లో మొదలైన ఆ యేర్పాటు 2023లో అన్ని చోట్లకును విస్తరించినది. పిల్లవాని కడుపును గురించి ఇట్లు తలచిన నేలను నేను ఎన్నడును పరాయిదని యెంచలేదు.

బడిలో చదువంతయు తమిళము. ఔవైయారు చెప్పిన ఆత్తిచూడిని మేము గొంతెత్తి వల్లించెడివారము. మా ఉపాధ్యాయుడు మంచివాడు. పొరబాటున మా నోట తెలుగు మాట వచ్చినచో నవ్వి, దాని తమిళపు మాటను చెప్పి, మరల చెప్పించెడివాడు. ఇల్లు చేరగానే పలక మూలకు పోవును, నాలుక తెలుగునకు తిరుగును. అందుచేత నా చిన్న బుద్ధికి ఒకటి తోచెను: తమిళము వ్రాయుటకు, తెలుగు మాటలాడుటకు. తెలుగునకు అక్షరములు కలవని నాకు ఎనిమిదేండ్ల వరకు తెలియనే తెలియదు.

ఆ సంగతి నాకు బడి చెప్పలేదు, పది రూపాయల నోటు చెప్పినది. క్వార్టర్లీ సెలవులలో ఒకనాటి సాయంకాలము మా నాయన మిల్లు జీతము తెచ్చి అమ్మ చేతికిచ్చుచు, నన్ను పిలిచి నోటుమీద వేలుంచి, "ఇదిగో, ఇది మన తెలుగురా" అని చూపెను. నేటి నోట్లమీదను పదునైదు భాషల పట్టిక ఉన్నది గదా. అందు తమిళమునకు సరిగా క్రిందనే తెలుగున్నది. "ఏమని వ్రాసింది నాయనా?" అని అడిగితిని. "పది రూపాయలని" అనెను. "చదివినావా?" అంటిని. ఆయన నవ్వి, "పది రూపాయల నోటుమీద ఇంకేమని వ్రాస్తారు?" అనెను. మా నాయనకును ఆ అక్షరములు రావని అప్పుడు తెలిసినది.

చదువరులలో పెక్కుమందికి మా యూరి కథ తెలిసినదే. విజయనగర రాజుల కాలమున మా పూర్వులు దక్షిణమునకు తరలివచ్చిరని పెద్దలు చెప్పుదురు. శింగరాజకోట, చక్రరాజకోట మొదలగు పేటల పేరులలో ఆ జ్ఞాపకము నిలిచియున్నది. 1936లో రామసామి రాజాగారు రాజపాళయం మిల్లును స్థాపించిన పిమ్మట ఊరు నూలు మిల్లుల ఊరైనది. ఇక్కడ పుట్టిన కుమారస్వామి రాజాగారు 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిరి. తెలుగు మాటలాడు ఇంట పుట్టినవారు తమిళ దేశమున ఇంతటి గౌరవము పొందగలిగిరి. 1953లో ఆంధ్ర రాష్ట్రమును, 1956లో ఆంధ్రప్రదేశమును ఏర్పడినపుడు ఆ గీతలకు మేము దక్షిణమున మిగిలితిమి. ఆ 1956లోనే రాజ్యాంగమున 350-ఏ అను అధికరణము చేర్చిరి. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు సౌకర్యము కల్పింప రాష్ట్రములు ప్రయత్నింపవలెనని దాని భావము. 2006లో తమిళనాడు శాసనము ఒకటవ తరగతి మొదలుకొని తమిళమును విధి పాఠముగా చేసినది. ఈ రెంటి నడుమ హక్కులను గూర్చి వాదించువారు వాదింతురు, అదియు అవసరమే. నేను చెప్పదలచినది అంతకంటె చిన్న సంగతి.

1979లో నేను ఒక మిల్లులో దూది కొనుగోలు విభాగమున గుమాస్తాగా నుంటిని. దూది బేరమునకై నన్ను కర్నూలు జిల్లా ఆదోనికి కొన్ని నెలలకు పంపిరి. తెలుగు దేశమునకు పోవుచున్నానని పొంగిపోతిని. మొదటి దినముననే బస్సు నిలయములో ఆ పొంగు చల్లారెను. ఎమ్మిగనూరు బస్సు ఏదియో, ఆలూరు బస్సు ఏదియో నాకు తెలియలేదు. బోర్డు చదివి చెప్పుమని పదేండ్ల బాలుని అడిగితిని. వాడు నన్ను ఎగాదిగ చూచి, "తెలుగు బాగానే మాట్లాడుతున్నావు గదన్నా, చదవలేవా?" అనెను. ఆ ప్రశ్నకు నాకు నేటికిని సమాధానము లేదు.

అక్కడికి అమ్మ ఉత్తరములు వారమున కొకటి వచ్చుచుండెను. అమ్మ ఐదవ తరగతి వరకు తమిళము చదివినది. ఆమె ఉత్తరమున మాట తెలుగు, అక్షరము తమిళము. ఇట్టి ఉత్తరములు మీ యిండ్లలోను ఉండవచ్చును. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అను నాలుగింటికిని ఒకే అక్షరము. ట, డలును, త, దలును, ప, బలును అట్లే. తమిళమునకు అది లోపము కాదు. మాట మొదట పరుషముగను, అచ్చుల నడుమ సరళముగను ఆ అక్షరమే పలుకును. ఆ చొక్కాయి తమిళమునకు కొలిచి కుట్టినది. తెలుగునకు తొడిగినపుడు మాత్రము అక్కడక్కడ పట్టివేయును.

ఆ అక్టోబరు నెలలో వచ్చిన కార్డున ఇట్లున్నది: "అక్కయ్య సెలవులకు వచ్చింది. తొందరలో కొడుగును రైల్లోనే మరచి దిగింది. నాయన స్టేషనుకు పోయి అడిగినారు. ఇంకా దొరకలేదు. నీ ఆరోగ్యము చూసుకో."

నా చేతులు చల్లబడెను. మా మేనల్లునికి అప్పుడు మూడేండ్లు. రైలు రాజపాళయము దాటి తెన్కాశి, శెంగోట వరకు పోవును. కొడుకును రైలులో మరచి దిగిన అక్కయ్యను తలచుకొనుటయా, చీకటిలో ఏ స్టేషనుననో ఏడ్చుచున్న పిల్లవానిని తలచుకొనుటయా! తపాలా కార్యాలయమునకు పరుగెత్తి, మిల్లునకు ట్రంకు కాలు కట్టి, మూడు గంటలు బల్లమీద కూర్చుంటిని. చివరకు నాయన గొంతు వినబడెను. "కొడుకు కాదురా, గొడుగు! పిల్లవాడు ఇక్కడే నా కాళ్ళలో తిరుగుతున్నాడు" అని ఆయన నవ్విన నవ్వు తంతి పొడవునను వచ్చి నన్ను చేరెను.

కొడుకు అని వ్రాసినను, గొడుగు అని వ్రాసినను తమిళ లిపిలో రూపము ఒక్కటే. చదువునపుడు రెండును "కొడుగు" అనియే వచ్చును. వాన కాలమున గొడుగు మరచుట సహజమని నా బుద్ధికి తోచలేదు.

మరునాడే ఒక పెద్ద బాలశిక్షను కొంటిని. ఇరువదియారేండ్ల వయస్సున దీపము ముందు కూర్చుండి అ, ఆలు దిద్దితిని. రెండు నెలలలో కూడబలుకుకొని చదువ నేర్చితిని. అప్పుడు అమ్మకు మొదటి సారి తెలుగు అక్షరములతో రెండు పుటల ఉత్తరము వ్రాసితిని. బదులు రాలేదు. సంక్రాంతికి ఇల్లు చేరినపుడు ఆ ఉత్తరము పూజ గదిలో దేవుని పటము వెనుక మడత నలుగక ఉన్నది. "చదివించుకోలేదా అమ్మా?" అంటిని. "ఎవరిని అడిగేదిరా? ముగ్గు మాదిరి అందంగా ఉంది, ఉంచుకున్నాను. నువ్వే వచ్చినావు గదా, చదువు" అనెను. నేను చదివితిని, ఆమె కన్నులు మూసికొని వినెను. పిదప నేను ఎప్పటివలె తమిళ అక్షరములతోనే వ్రాయుచు వచ్చితిని. ఆమెకు నేర్పుదునను తలంపు వచ్చెను. వచ్చు సెలవులలో చూతమనుకొంటిని. ఆ సెలవులు వచ్చెను, పోయెను. అమ్మ తన మాటను తన లిపిలో ఒక్కసారియు చదువకయే వెడలిపోయెను. నేర్పుటకు నాకు వారము దినములు చాలియుండెడివి.

మొన్నటి సరస్వతీ పూజనాడు మా మనుమడు తన పుస్తకములన్నియు కొలువు ముందు పేర్చి, చదువు లేని దినమని గంతులు వేయుచుండెను. అటుకమీది రేకు పెట్టెను దింపి దుమ్ము తుడుచుచుండగా అందలి కార్డులు వాని కంటబడెను. ఆనాడు పుస్తకము చదువరాదు గాని, ఉత్తరము చదువరాదని ఎవరును చెప్పలేదు గదా. వాడు ఒక కార్డు తీసి, తమిళ అక్షరములను ఒక్కొక్కటిగా కూడబలుకుట మొదలుపెట్టెను. రెండు మాటలు చదివి ఆగిపోయెను. మరల చదివెను. కన్నులు పెద్దవి చేసి, "తాతా, ఇది తమిళం కాదు, ఇది మనం మాట్లాడేది!" అనెను. ఆ సెలవులలో వాడు నాతో చెప్పిన మొదటి తెలుగు వాక్యము అది. ఎన్నడును చూడని ముత్తవ్వ గొంతు వాని నోటినుండి వచ్చుచుండగా వంటయింటినుండి మా అమ్మాయి వచ్చి గుమ్మములో నిలుచుండిపోయెను.

గొడుగు కార్డు కూడ దొరికెను. కథ చెప్పితిని. వాడు పడిపడి నవ్వి, పిమ్మట గంభీరముగా అడిగెను: "మరి కొడుకు అని ఎట్లా వ్రాయాలి? గొడుగు అని ఎట్లా వ్రాయాలి?"

మరునాడు అక్టోబరు 2, విజయదశమి. పళ్ళెములో బియ్యము పోసి, వాని వ్రేలు పట్టుకొని మొదట "కొడుకు" అని, దాని క్రింద "గొడుగు" అని వ్రాయించితిని. తరువాత పలకమీద తానే వ్రాసెను. అ, ఆలతో గాక ఈ రెండు మాటలతో మొదలిడుట శాస్త్రమునకు విరుద్ధమేమో! కాని, క వేరు, గ వేరు అని తెలిసికొనుటకు వానికొక కారణము దొరికెను. మిగిలిన మూడు దినములలో ఇంటిల్లిపాది పేరులను వ్రాసెను.

సోదరులారా, మన పిల్లలకు బడి తమిళము నేర్పుచున్నది. నేర్పనిండు, ఆ అక్షరములే లేకున్నచో మా అమ్మ మాటలు నాకు ఈనాడు ఒక్కటియు మిగిలియుండెడివి కావు. కాని ఇంటి మాటకు ఇంటి అక్షరమును ఇచ్చు పనిని బడిమీద పెట్టి మనము కూర్చుండుట తగదు. క్వార్టర్లీ సెలవులు ఏటేట వచ్చును. అందులో పండుగ పనులు పోగా దినమునకు అరగంట మిగులును. సభలు చేసి తీర్మానములు వ్రాయుటకంటె ఇది సులభము. వాయిదా వేయుట అంతకంటెను సులభము. అందుకే నా కథ చెప్పితిని.

సెలవులు ముగిసి వారు రైలెక్కిన పదియవనాడు తపాలాలో ఒక కార్డు వచ్చెను. అక్షరములు వంకరటింకరగా నున్నవి. "తాతా, నా కొడుగు మీ ఇంట్లో ఉంది" అని వ్రాసియున్నది. పోయి చూచితిని. తలుపు వెనుక వాని చిన్న నీలి గొడుగు ఉన్నది. వచ్చు సెలవుల వరకు దానిని అక్కడనే ఉంచుదునని బదులు వ్రాసి, క్రింద ఒక "గొ" పెద్దదిగా దిద్దితిని.