పారువేట నెలలో

12 జనవరి 2025, ఆదివారం, నంద్యాల

రేపు భోగి. సెలవులిచ్చినా హాస్టల్ పిల్లల్లో సగం మంది కదల్లేదు. ఫిబ్రవరిలో ఎస్‌బీఐ క్లర్కు ప్రిలిమ్స్. బ్యాంకు కోచింగ్ అంటే నంద్యాల అని పేరు పడిపోయింది కదా, ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి ఇక్కడ గదులు తీసుకుంటారు.

లెక్కలు 35, టైము 20 నిమిషాలు. ఒక్కోదానికి 34 సెకన్లు. తప్పు పెడితే పావు మార్కు కోత. కాబట్టి నేను మొదట నేర్పేది లెక్క చేయడం కాదు, వదిలేయడం. చదవగానే దారి తోచకపోతే పక్కదానికి పో అంటాను. కోవెలకుంట్ల వైపు పిల్ల ఒకతి, ఇంటి నుంచి ఫోనొస్తే పేరు చూసి బోర్లా పెట్టేస్తుంది. పండక్కి పోలేదేమ్మా అని అడిగితే, "ఈసారికి స్కిప్ మేడమ్" అంది. నా మాటే నాకు అప్పజెప్పింది.

ఇలాంటి పిల్లల్ని చూసి జాలిపడుతూ రాసే వ్యాసాలంటే నాకు ఒళ్లుమంట. వానను నమ్ముకున్న ఇంట్లో ఒకటో తారీఖు జీతం పడటమంటే ఏమిటో అవి రాసేవాళ్లకు తెలీదు.

15 జనవరి, కనుమ, ఆళ్లగడ్డ

బస్సు శిరివెళ్ల దాటేదాకా ఫోను చూడలేదు. గొప్పేమీ కాదు, ఛార్జింగ్ లేదు. కేసీ కాలువ కింద వరి కోతలైపోయాయి. నల్లరేగడిలో శనగ పచ్చగా ఉంది.

మధ్యాహ్నం అత్తమ్మతో అహోబిలం పోయాం. ఎగువ నుంచి జ్వాలా నరసింహుడు, దిగువ నుంచి ప్రహ్లాదవరదుడు, ఇద్దరూ ఒకే పల్లకిలో పారువేటకు బయలుదేరే రోజు. చెంచులు పల్లకి వైపు విల్లెక్కుపెడతారు. చెంచులక్ష్మి వాళ్లింటి ఆడబిడ్డ, ఆమెను పెళ్లాడిన నరసింహుడు అల్లుడు. అల్లుడితో ఆమాత్రం వేళాకోళం ఉండదా!

ఇక నలభై రోజులకు పైగా ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, తన పెళ్లికి తానే ఇంటింటికీ పిలుపులకు పోతున్నాడని ఇక్కడి మాట. గుడికి రాలేని ముసలివాళ్ల ఊరికి ఆయనే వస్తాడు.

తీరుబడి ఉంది కాబట్టి తిరుగుతున్నాడనుకుంటే పొరపాటు. ఏ ఊరికి ఏ రోజో ముందే రాసి ఉంటుంది, బోయీల వంతులు, పూజల వేళలు అన్నీ లెక్క ప్రకారమే. అయితే ఒక ఊళ్లో దిగినాక ఆ ఊరి కొలువు చూస్తాడు. పక్క ఊరు పిలుస్తోందని సగంలో లేవడు. మా కోచింగ్ పిల్లలకు టైము తక్కువనుకుంటూ వచ్చాను గానీ, ఈయన పనేమీ వాళ్ల పనికి తీసిపోదు.

17 జనవరి, ఆళ్లగడ్డ

శిల్పుల షెడ్ల దగ్గర పొద్దంతా గ్రైండర్ల మోత. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆర్డర్లు వాట్సాప్‌లో వస్తున్నాయి. గుళ్లకు దేవుళ్లు, కూడళ్లకు నాయకులు, అయోధ్య బాలరాముణ్ని చూసినాక అలాంటి కళ్లే కావాలనేవాళ్లు. ఒక పెద్దాయన నిలువుగా రాతి మీద గీత గీస్తున్నాడు. బ్రహ్మసూత్రమట. నుదురు, ముక్కు, నాభి ఆ గీత మీదే పడాలి. మొహం పొడవు కొలమానం, మిగతా ఒళ్లంతా దాని లెక్కలోనే.

మిషన్లు వచ్చినాక పని మారిందా పెద్దాయనా అని అడిగాను.

"మారకేమ్మా. అదనపు రాయికి మిషను, మొహానికి ఉలి. మిషను లేకుంటే నా చేతులు ఎప్పుడో పడిపోయేవి."

"అర్జెంటంటే?"

"అందరిదీ అర్జెంటే. పీఠం తొందరగా ఇస్తా. కండ్లకాడ మాత్రం నన్ను తరమొద్దంటా. ఒప్పుకోకుంటే ఇంకో షెడ్డు చూసుకోమంటా."

గాల్లో తెల్లటి దుమ్ము. కుర్రాళ్లు ముక్కుకు తువ్వాలు కట్టుకున్నారు. ఈ దుమ్ముకు ఊపిరితిత్తులు చెడతాయి, తువ్వాలు చాలదు. చేతిపని గొప్పదనం గురించి మాట్లాడేవాళ్లు ముందు ఇక్కడో గంట నిలబడాలి.

ఆయన వరస మాత్రం నాకు నచ్చింది. అన్నిటికీ నిదానం అనలేదు. దేన్ని మిషనుకు ఇవ్వాలో తెలుసు, దేన్ని ఇవ్వకూడదో తెలుసు. మా పిల్లలకు నేను సగమే నేర్పుతున్నాను.

27 జనవరి, సోమవారం, నంద్యాల

క్లాసులో శాతాలు. ఆఖర్న కోవెలకుంట్ల పిల్లను పిలిచి, పరీక్షలో వదిలేసిన లెక్కల్ని రాత్రి ఏం చేస్తావని అడిగాను. "మళ్లీ కూచుని చేస్తా మేడమ్, అవే కదా నేర్చుకోవాల్సింది" అంది. అయితే మీ అమ్మ ఫోను కూడా ఆ లిస్టులో రాసుకో అన్నాను. నవ్వింది. చేస్తుందో లేదో.

సాయంత్రం అత్తమ్మ ఫోను. పల్లకి ఆళ్లగడ్డకు వచ్చే రోజు చెప్పింది. చూస్తే అది పరీక్షల ముందు, మాక్ టెస్టుల వారం. "నీకు పడకుంటే రావద్దులేమ్మా, ఆయన ఏమనుకోడు. ఆయనకూ ఊళ్లున్నాయి కదా" అని పెట్టేసింది. అంత సులువుగా వదిలేసేసరికి పోవాలనే అనిపించింది. ఆ రోజు లెక్కలు చెప్పడానికి తోటి మాస్టారు ఒప్పుకున్నాడు, బదులుగా ఆయన రెండు ఆదివారాలు నావి. జ్వరమని రాసివ్వండి, లేకుంటే సెలవివ్వరు అని సలహా కూడా ఇచ్చాడు.

సెలవు చీటీలో కారణం అన్నచోట ‘పెళ్లి పిలుపు’ అని రాసిచ్చాను.