పట్టిసీమ గట్టున చేతులు జోడించిన పురుగు

కొవ్వూరు నుండి తాళ్ళపూడి మీదుగా గోదావరి గట్టు వెంట వెళ్తే పట్టిసీమ వస్తుంది. ఇప్పుడది ఏలూరు జిల్లాలో ఉన్నది. నది మధ్యనున్న కొండను, ఎగువన పాపికొండలను చూడడానికి చాలామంది వస్తారు. 2015లో ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి నీరు కృష్ణకు చేరిన తరువాత ఈ ఊరి పేరు మరింత దూరం వినిపించింది. రేవు దగ్గర లాంచీ కోసం నిలబడినప్పుడు గట్టు మీది గడ్డిలోకి కూడా ఒకసారి చూడండి. దేవుని చేతిపని మరొకటి అక్కడ కనిపించవచ్చు. అదే గొల్లభామ.

ముందరి కాళ్ళు రెండూ మడిచి, తల ఎత్తి, ప్రార్థనలో ఉన్నట్టు కదలక నిలుస్తుంది. దీని ఇంగ్లీషు పేరు మాంటిస్. గ్రీకులో ఆ మాటకు ప్రవక్త అని అర్థం. 1758లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త ఒక జాతికి 'భక్తిగలది' అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు.

నిజానికి ఆ కాళ్ళు మడిచింది వేట కోసం. వాటి లోపలి అంచున ముళ్ళ వరుసలుంటాయి. ఈగ గాని, రెక్కల పురుగు గాని అందేంత దూరం రాగానే రెప్పపాటులో పట్టేస్తుంది. రెండు పెద్ద కళ్ళతో పాటు మూడు చిన్న కళ్ళున్నాయి. చాలా జాతులకు రొమ్ము కింద ఒకే ఒక చెవి ఉంటుంది. రాత్రి ఎగిరేటప్పుడు మనకు వినబడని గబ్బిలం కూతను దానితో పసిగట్టి తప్పించుకుంటుంది.

చూపుకు మిడతలా ఉన్నా, ఇది బొద్దింకలకు, చెదపురుగులకు దగ్గర చుట్టం. ప్రపంచంలో సుమారు 2,400 జాతులున్నాయి. ఎక్కువ భాగం వేడి దేశాలవే. ఉండే చోటును బట్టి రూపం. ఆకుల్లో తిరిగేది పచ్చగా, బెరడు మీద ఉండేది బూడిద రంగులో చదునుగా, గడ్డిలోది పుల్లలా సన్నగా ఉంటుంది. దక్షిణ భారతంలోను, శ్రీలంకలోను ఎండుటాకు ముక్కలు అతికించినట్టుండే జాతి ఒకటుంది.

రైతు సోదరులారా, కొమ్మకు ఎండిన నురుగు ముద్దలా అంటుకున్నది కనిపిస్తే దులిపివేయకండి. అది గొల్లభామ గుడ్ల గూడు. ఒక్కొక్క దానిలో నుండి పదుల కొద్దీ, ఒక్కోసారి వంద దాటి పిల్లలు వస్తాయి. ఇవి పంట ఆకు ముట్టవు. అయితే తేనెటీగను కూడా తింటాయి గనుక, వీటి మీదే పొలం విడిచిపెట్టలేము. మందు కొట్టే ముందు చేనులో శత్రువులెన్ని, మిత్రులెన్ని ఉన్నాయో చూడండి. మందు రెంటినీ చంపుతుంది. దోమ కొద్ది వారాల్లో మళ్ళీ పెరుగుతుంది, గొల్లభామ ఎదగడానికి నెలలు పడుతుంది.

వేటకు మడిచిన కాళ్ళను మనం ప్రార్థన అనుకున్నాము. మనుష్యులకు కనబడాలని చేసే ప్రార్థన గురించి కొండమీది ప్రసంగంలో ప్రభువు హెచ్చరించారు. ఆదివారం మందిరంలో జోడించిన చేతులే సోమవారం కూలివాని కూలి కోస్తే, వాటిని ఏమనాలి? పురుగును తప్పు పట్టలేము. దేవుడు దానికిచ్చిన ఆహారం అదే. మనకైతే మంచిచెడ్డలు ఎంచుకునే మనస్సు ఇచ్చాడు.