పాటతో పాటు పేరు కూడా

ఒక సాయంత్రం గూడెంలో ఫోన్లో ఒక ఆల్బం పెట్టుకుని విన్నాం. దాని పేరు 'గ్రేస్‌లాండ్'. తన పాటలు తానే రాసుకుని పాడే అమెరికా గాయకుడు పాల్ సైమన్‌ది. మాకు ఇంగ్లీషు కొంత వచ్చు, జూలూ భాష అసలే రాదు. అయినా 'హోమ్‌లెస్' పాట మొదలయ్యేసరికి మా అవ్వలు చేస్తున్న పని ఆపి చెవి పెట్టారు. అందులో వాయిద్యం లేదు. ఒక గొంతు ఎత్తుకుంటే మిగతా గొంతులన్నీ అందుకుంటాయి. "మన రేలపాట లెక్కనే ఉంది" అంది ఒక అవ్వ.

ఈ ఆల్బం 1986లో వచ్చింది. అప్పటికి సైమన్‌కు 44 ఏళ్లు. గార్‌ఫంకెల్‌తో కలిసి పాడి ఎంతో పేరు తెచ్చుకున్నవాడు. కానీ 1983లో తెచ్చిన ఆల్బం సరిగా అమ్ముడుపోలేదు. ఆ రోజుల్లో దక్షిణాఫ్రికా నల్లజాతి వాళ్ల పాటల క్యాసెట్ ఒకటి అతని చేతికొచ్చింది. అది విని 1985లో జోహన్నెస్‌బర్గ్ వెళ్లాడు. అంతకుముందు పాట రాసుకున్నాకే వాయించేవాళ్లను పిలిచేవాడు. ఇక్కడ ముందు వాళ్లను వాయించమని రికార్డు చేసుకున్నాడు. మాటలు చాలావరకు అమెరికా తిరిగివెళ్లాక కూర్చాడు. పాత అలవాటుతో రాసిన మాట ఆ దరువు మీద కుదరకపోతే మళ్లీ మళ్లీ వినేవాడట. పేరు సంపాదించినవాడు ఆ వయసులో మళ్లీ నేర్చుకునేవాడయ్యాడు. అది మాకు నచ్చింది.

అయితే అవి తెల్లవాళ్ల వర్ణవివక్ష పాలన రోజులు. కళాకారులు దక్షిణాఫ్రికా వెళ్లొద్దని ఐక్యరాజ్యసమితి 1980లో తీర్మానం చేసింది. దాన్ని కాదని సైమన్ వెళ్లాడు. స్వాతంత్ర్యం కోసం కొట్లాడుతున్నవాళ్లలో చాలామంది అతన్ని తప్పుపట్టారు. అతను మాత్రం, నేనక్కడ కచేరీ చేయలేదు, వాయించినవాళ్లకు న్యూయార్క్ రేటుకు మూడింతలిచ్చాను అన్నాడు. దేశం విడిచి బతుకుతున్న మిరియం మకేబా, హ్యూ మసెకెలా 1987లో అతనితో కలిసి వేదికలెక్కారు. అన్నం పెట్టినవాణ్ణి ఒకరు మెచ్చుకుంటే, ఇల్లు తగలబడుతుంటే మమ్మల్ని అడిగి రావద్దా అని ఇంకొకరు అడిగారు. రెండు మాటలూ మాకు అర్థమవుతాయి.

మేం ముఖ్యంగా చూసింది పేర్లు. 'హోమ్‌లెస్' రచయితల్లో జోసెఫ్ షబలాలా పేరుంది. లేడీస్మిత్ బ్లాక్ మంబాజో బృందాన్ని నడిపినవాడాయన. మొదటి పాటకు లెసోతో అకార్డియన్ కళాకారుడు ఫోరెరే మొట్లోహెలోవా పేరుంది. కానీ చివరి పాట విషయంలో అమెరికాలోని లోస్ లోబోస్ బృందం, ఆ సంగీతం మాది, మా పేరు వేయలేదని ఆరోపించింది. అంటే మంచి పేరొచ్చిన ఆల్బంలో కూడా ఈ లెక్క పూర్తిగా తేలలేదు.

ఇదే దక్షిణాఫ్రికాలో సోలమన్ లిండా 1939లో 'ముబూబే' పాట రికార్డు చేశాడు. అది లోకమంతా తిరిగింది, ఎందరికో డబ్బు తెచ్చింది. ఆయన 1962లో పేదవాడిగానే పోయాడు. కుటుంబానికి న్యాయం జరిగేసరికి 2006 వచ్చింది.

ఇంత దూరం సంగతి ఎందుకంటే, మా గూడేనికీ మైకు పట్టుకుని వచ్చారు. మూడు రాత్రులున్నారు. మా అవ్వలు వాళ్లకు అంబలి పోసి, గొంతు పోయేదాకా పాడారు. కొన్నాళ్లకు జాతరలో మైకు సెట్టులో మా పాట వినబడింది. దరువు మారింది, గొంతు మారింది. పాట కింద 'జానపదం' అని రాశారు. చదివి చెబితే అవ్వ అడిగింది: "జానపదం అంటే ఎవరి పేరు బిడ్డా?"

మేం జవాబు చెప్పలేకపోయాం.

మా పాట ఎవరూ ముట్టొద్దని మేమనం. పాట నాలుగు నోళ్లలో పడితేనే బతుకుతుంది. కొత్త దరువుకూ అడ్డం రాం, మా పిల్లలే డీజే మీద రేల ఆడుతున్నారు. అడిగి తీసుకోండి, కూలి ఇవ్వండి, పాడినవాళ్ల పేరు రాయండి. మేం కోరేది అంతే.

ఇప్పుడు మేమే ఒక నోటుబుక్కు పెట్టాం. ఏ పాట, ఎవరు పాడారు, ఏ గూడెం, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, అన్నీ రాస్తున్నాం. మొదటి పేజీలో ఆ అవ్వ పేరుంది. చదవడం రాకపోయినా, అక్షరాల మీద వేలు పెట్టించుకుని చూసుకుంది.