బంగారం పోయాక మిగిలిన ఇళ్ళు

కుప్పంలో రైలెక్కి బెంగళూరు వైపు పోతుంటే బంగారం మన రాష్ట్రంలోనే ఎదురవుతుంది. గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం గనులు కోలారు పసిడి పట్టీకి దక్షిణపు కొసలు. కోలారు గనులను నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడే వాటినీ నడిపింది. ఈ చుట్టుపక్కల పల్లెల్లో తాతో మేనమామో కోలారు గనికి పోయిన కథ లేని ఇల్లు అరుదు. నేను వెళ్ళింది గని చూడడానికి కాదు. గనికి పోయినవాళ్ళు ఎక్కడ పడుకున్నారో, ఆ ఇళ్ళు ఇప్పుడెలా ఉన్నాయో చూడాలని.

బంగారుపేటలో రైలు మారాలి. అక్కణ్ణుంచి మారికుప్పం దాకా పోయే ఈ చిన్న లైను 1894 నాటిది, గనుల కోసమే వేసింది. పొద్దున పూట ఎదురొచ్చే బండి చూస్తే చాలు, ఊరి పరిస్థితి సగం తెలిసిపోతుంది. తలుపుల దగ్గర వేలాడుతూ, టిఫిన్ డబ్బాలు పట్టుకుని, కోలారు గోల్డ్ ఫీల్డ్స్, అంటే కేజీఎఫ్ ఊరు మొత్తం బెంగళూరు పనికి పోతోంది. రాత్రికి మళ్ళీ ఇదే దారిన ఇంటికి చేరతారు. గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. పని ఊరు దాటి పోయింది కానీ జనం మాత్రం ఇళ్ళు వదల్లేదు. నేనెక్కిన పెట్టెలో కాళ్ళు చాపుకోడానికి బోలెడు చోటు.

కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్ దాటి మారికుప్పంలో దిగాను. రాయి పిండి చేసి బంగారం తీశాక మిగిలిన మడ్డి కొండల్లా పేరుకుపోయి ఉంది. అందరూ వాటిని సైనైడ్ దిబ్బలంటారు. 'కేజీఎఫ్' సినిమా వచ్చాక వాటి ముందు ఫొటోలు దిగేవాళ్ళు ఎక్కువయ్యారు. గాలి లేస్తే ఆ ధూళి ఇళ్ళల్లోకి వస్తుంది. ఫొటోలో అది కనపడదు.

ముందు ఊరిగాం వైపు బంగళాలు చూశాను. జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో ఇక్కడ అడుగుపెట్టాక ఇంగ్లండు నుంచి, ముఖ్యంగా కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్ళు, ఇంజనీర్లు వచ్చారు. ఎత్తైన చోట, చెట్ల మధ్య, పెద్ద ఆవరణలతో ఇళ్ళు కట్టుకున్నారు. 1902లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగ లాగి ఈ గనులకు కరెంటు తెచ్చారు. ఆనాటికి ప్రపంచంలోనే పొడవైన లైన్లలో అదొకటి. దేశంలో చాలా పట్టణాలు ఇంకా కిరోసిన్ దీపాలతో ఉన్న రోజులవి. ఇప్పుడు కొన్ని బంగళాల్లో మనుషులున్నారు, ముంగిట బట్టలు ఆరుతున్నాయి. కొన్నింటికి పైకప్పు లేదు. దూలాలు, తలుపులు, కిటికీలు ఎవరో పట్టుకుపోగా గోడల నడుమ చలిమంట గూడు మాత్రం నిలబడి ఉంది. అదే కార్న్‌వాల్‌లో మూతపడ్డ గనుల ఇంజను ఇళ్ళను బాగుచేసి కాపాడుకున్నారు. ఆ గని ప్రాంతం 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

బంగళాలు చూస్తుంటే ఇక్కడొక హోటలో మ్యూజియమో పెడితే బాగుంటుందన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. నాకూ వచ్చింది. దిగువన కూలీల లైన్లలోకి వెళ్ళాక అది నిలబడలేదు.

లైను అంటే ఒకే గోడ పంచుకుంటూ వరసగా కట్టిన ఇళ్ళు. ఒక గది, ముందు చిన్న వసారా. నీళ్ళ కుళాయీ మరుగుదొడ్డీ అందరికీ ఉమ్మడి. మొదట్లో ఇవి వెదురు తడికల గుడిసెలే, గోడలు తర్వాత వచ్చాయి. భూమిలో మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న ఛాంపియన్ రీఫ్ గనిలోకి దిగినవాళ్ళు ఈ గదుల్లోనే పిల్లల్ని పెంచారు. ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన దళితులు. ఒక గుమ్మంలో తమిళం, పక్క గుమ్మంలో తెలుగు వినిపిస్తుంది. పిల్లలు కన్నడంలో తిట్టుకుంటారు.

ఒక వసారాలో కూర్చున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏమి నాయనా, ఇల్లు కొనేదానికొచ్చినావా?" అని నవ్వాడు. "కొందామన్నా పట్టా ఎవురి దగ్గరుండాది!"

గోడ ఎప్పటిదని అడిగాను.

"మా నాయన పనిలో చేరినప్పుడే ఉండె. రేకు పోతే కంపెనీవాళ్ళే వచ్చి మార్చేవాళ్ళు, సున్నం వాళ్ళే కొట్టేవాళ్ళు. కంపెనీ కట్టింది ఈ ఒక్క రూమే. ముందర రేకు నేనేసింది. బాత్రూము మా కొడుకు బెంగళూరు సంపాదనతో కట్టించినాడు. ఇంకా మేడ వేస్తామంటాడు. మనది కాని జాగాలో ఎంతని పోస్తావురా అంటా నేను."

ఊరి జబ్బు ఆ మాటలోనే ఉంది. ఇల్లు కంపెనీది, మరమ్మతూ కంపెనీదే. కంపెనీ పోయింది గానీ ఇంటి మీద హక్కు అందులో ఉంటున్నవాళ్ళ చేతికి పూర్తిగా రాలేదు. పాత ఉద్యోగులు ఇళ్ళ పట్టాల కోసం ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. హక్కు లేని ఇంటి మీద బ్యాంకు అప్పివ్వదు, మనిషీ ధైర్యంగా డబ్బు పెట్టడు. అయినా నేను చూసిన లైన్లలో సగం ఇళ్ళకు కొత్త రంగుంది, గుమ్మానికి పసుపుంది.

ఇలాంటి ఊళ్ళను ఇళ్ళతో మొదలుపెట్టి బాగుచేసినవాళ్ళూ ఉన్నారు. స్కాట్లండులో న్యూ లానార్క్ అనే నూలు మిల్లు ఊరుంది. సంస్కర్త రాబర్ట్ ఓవెన్ ఒకప్పుడు నడిపిన ఆ మిల్లు 1968లో మూతపడింది. అంతకు అయిదేళ్ళ ముందే, 1963లో, కార్మికుల ఇళ్ళను బాగుచేయడానికి ఒక సంఘం పుట్టింది. మిల్లు భవనాలను కాపాడే ట్రస్టు 1974లో గానీ రాలేదు. మొదలు ఇళ్ళు, తర్వాతే మిల్లు. ఇప్పటికీ ఆ వరసల్లో జనం కాపురం ఉంటున్నారు. ఆ ఊరు ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిందీ కోలారు గని మూతపడ్డ 2001లోనే. మనకు దగ్గరలో పుదుచ్చేరి ఉంది. అక్కడ వైశ్యాళ్ వీధిలో వారసత్వ కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ ఇళ్ళ ముంగిళ్ళను, అరుగులను పాత తీరులో బాగుచేయించింది. 2008లో దానికి యునెస్కో పురస్కారం దక్కింది. అక్కడ ఇంటివాళ్ళను కలుపుకునే పని నడిచింది, ఎందుకంటే ఇల్లు వాళ్ళది.

కేజీఎఫ్‌లో ఇప్పటికీ లెక్కలన్నీ దిబ్బల చుట్టూనే తిరుగుతున్నాయి. మడ్డిలో మిగిలిన బంగారం తీయడానికి 13 దిబ్బల్లో తవ్వకాలకు కర్ణాటక మంత్రివర్గం 2024లో సమ్మతించింది. అది జరిగితే కొన్ని ఉద్యోగాలు రావచ్చు, మంచిదే. కానీ ఈ ఊరిని ఇరవై ఏళ్ళకు పైగా నిలబెట్టింది ఆ మడ్డి కాదు. రోజూ రైలెక్కి సంపాదించి తెచ్చి, ఆ ఒక్క గదికి మరో గది అతికించుకుంటున్న వీళ్ళు. బంగళాల పునరుద్ధరణకు పథకాలు రాసేవాళ్ళు ముందు లైన్ల కొలతలు తీయించి, పట్టాలు చేతికివ్వాలి. ఆపైన పాత గోడ చెడకుండా కొత్త గది ఎలా వేసుకోవాలో చెప్పే మేస్త్రీలు, ఇంటింటికీ నీళ్ళు, కాస్త తక్కువ వడ్డీ అప్పు ఉంటే చాలు. పెద్దాయన కొడుకు మేడ వేస్తాడా లేదా అన్నది ఆ ఒక్క కాగితం మీదే ఆధారపడి ఉంది.