ఎర్రసిరా కనిపించని నోటుబుక్కు

పిల్లలూ! డిక్టేషనులో మీరు ఎనిమిది తప్పులు రాశారనుకోండి. అయ్యవారు వాటిని తానే దిద్ది, శుభ్రంగా తిరగరాసి మీ నాన్నగారికి చూపిస్తే? "మావాడు ఒక్క తప్పూ రాయలేదు!" అని ఆయన మురిసిపోరూ? నేనూ అలాగే మురిసిపోయి ఒకసారి భంగపడ్డాను.

మాది తిరుపతి. మా అమ్మకు అప్పటికి తొంభై యేళ్లు దగ్గరపడినై, కొండకు పోలేదు. బ్రహ్మోత్సవాలలో అయిదోనాటి రాత్రి గరుడసేవను, దేవస్థానంవారు 2008లో ప్రారంభించిన భక్తి ఛానెల్లో చూడడమే ఆవిడకు దర్శనం.

ఆ యేడు నేను పడకగదిలో రెండో టీవీకోసం మేడమీది కేబుల్ వైరు స్వయంగా కోసి, స్ప్లిట్టరు తగిలించాను. ఉత్సవాలకు ముందు కేబుల్ అబ్బాయి మీటరు పట్టుకుని వచ్చాడు. నా పాత శిష్యుడే.

"ఒకసారి కొలిచి చూస్తాను, అయ్యవారూ!" అన్నాడు.

"బొమ్మ అద్దంలా వుంది కదరా, కొలిచేదేమిటి?" అని పంపేశాను.

పాతకాలపు కేబుల్లో సిగ్నలు తగ్గితే తెరమీద చుక్కలు రాలేవి, ముందే తెలిసేది. 2012 నుంచి మనదేశంలో విడతలుగా వచ్చిన డిజిటల్ కేబుల్ సంగతి వేరు. బొమ్మ అంకెలుగా మారి, 204 బైట్ల పొట్లాలుగా వస్తుంది. ప్రతి పొట్లంలోనూ 16 బైట్లు తప్పులు దిద్దుకోవడానికే కేటాయించారు. వాటి సాయంతో మన బాక్సు ఎనిమిది బైట్లదాకా తప్పులు దిద్దేసి, బొమ్మను నిర్మలంగా చూపిస్తుంది. తొమ్మిదోది తప్పిందో, ఇక దిద్దలేదు!

గరుడసేవనాడు వాన పట్టుకున్నది. వాహనం కదిలిందో లేదో, తెర గళ్లుగళ్లుగా చీలి నిలిచిపోయింది.

"నాయనా, స్వామి యేడిరా?" అన్నది అమ్మ. నేను రిమోటు నొక్కుతాను, బాక్సును తడతాను. (పంతులుకు అంతకుమించి యేం తెలుసు?)

అబ్బాయి తడుస్తూ వచ్చాడు. మీటరు 40 చూపింది. ఆ డెసిబెల్ లెక్కలో 60 అంటే వోల్టులో వెయ్యోవంతు, 40 అంటే అందులో మళ్లీ పదోవంతే! స్ప్లిట్టరు ముందే సిగ్నలును సగం చేసింది. నేను బిగించిన వదులు పిన్నులో నీరు దిగి మిగతాది మింగేసింది.

వాడు పిన్ను మార్చాడు. బొమ్మ వచ్చింది. అయినా వాడు టీవీవైపు చూడలేదు. మీటరులో మరో మీట నొక్కి, బాక్సు దిద్దకముందు యెన్ని తప్పులు వస్తున్నాయో చూస్తున్నాడు. మొదట వచ్చిననాడు వాడు చూస్తానన్నదీ అదే.

ఆ లెక్క బాగా తగ్గాకనే మెట్లు దిగాడు.

అమ్మకు చివరి పావుగంట దక్కింది. మరుసటి యేటి గరుడసేవకు ఆవిడ లేదు.