మా ల్యాప్‌టాప్ ఎందుకు అరిచింది?

ఈ పేజీకి ఏదైనా రాయమని స్కూల్ వాళ్లు అడిగినప్పుడు, పిల్లల పెంపకం మీద నలుగురికి చెప్పేంత దాన్ని కాదులే అనుకున్నాను. కానీ ల్యాప్‌టాప్ గురించి మీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మీ ఇంట్లో పిల్లలు చదువుకునే ల్యాప్‌టాప్ ఉంటే, ఇవాళ సాయంత్రం వాళ్ల క్లాస్ నడుస్తున్నప్పుడు పక్కన రెండు నిమిషాలు కూర్చుని దాని చప్పుడు వినండి. నేను ఆ పని మూడు నెలలు ఆలస్యంగా చేశాను.

మేం ఎర్రగడ్డలో ఉంటాం. రైతు బజార్‌కు సంచి పట్టుకుని నడిచి వెళ్లేంత దూరం. బాల్కనీలో నిలబడితే మెట్రో లైను కనిపిస్తుంది. ముంబయి హైవే మీద హారన్లు, ఆసుపత్రులకు వెళ్లే అంబులెన్సులు, పై ఫ్లాట్‌లో ఎప్పటికీ పూర్తికాని రిపేర్లు. ఆసుపత్రుల చుట్టూ కనీసం వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలం కావచ్చనీ, అక్కడ పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40 దాటకూడదనీ 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. ఆ నియమాలు మా రోడ్డు మీది హారన్లకు ఎవరూ చదివి వినిపించినట్లు లేదు. ఇలాంటి చోట ఉంటే చెవి కొంత మొద్దుబారుతుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ హోరుమనడం ఎప్పుడు మొదలైందో నాకు తెలియకపోవడానికి అదొక కారణం.

ఆ ల్యాప్‌టాప్ నాదీ, తొమ్మిదో తరగతి చదివే మా పాపదీ. పగలు నేను చిన్న చిన్న షాపుల లెక్కలు రాస్తాను, సాయంత్రం ఆరున్నరకు తను డౌట్స్ క్లాసులో కూర్చుంటుంది. నా చేతిలో ఉన్నప్పుడు అది పిల్లిలా ఉంటుంది. పాప కూర్చున్న పది నిమిషాలకు మిక్సీ వేసినట్లు మొదలుపెడుతుంది. గేమ్స్ ఆడితే ఫ్యాన్ గట్టిగా తిరుగుతుందని వాళ్ల నాన్న ఎక్కడో విన్నారు. ఇంకేం, లెక్క తేలిపోయింది.

"క్లాస్ అని చెప్పి గేమ్ ఆడుతున్నవా?" అని ఆయన అడిగారు. లేదంది. నేను బ్రౌజర్ హిస్టరీ వెతికాను. ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి, తుడిచేసి ఉంటుందనుకున్నాను. మా మనసులు ఎలా పనిచేశాయో చూడండి. చివరికి, కళ్ల ముందు ఉంటే చాలని, లోపలి గదిలో టేబుల్ మీదున్న ల్యాప్‌టాప్‌ని హాల్లోకి తెచ్చాం. హాల్లో టేబుల్ లేదు కాబట్టి పాప దివాన్ మీద దిండు వేసుకుని, దాని మీద పెట్టుకుని కూర్చునేది. పక్కనే నానమ్మ సీరియల్. చప్పుడు ఇంకా పెరిగింది. మా అనుమానం కూడా.

తర్వాత పేరెంట్స్ మీటింగ్ వచ్చింది. మార్కులు బాగానే ఉన్నాయి. లేవబోతుంటే టీచర్ ఆపారు. "డౌట్స్ క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తే పిల్ల. ఈ మధ్య ఒక్క ప్రశ్న కూడా అడగట్లేదు. ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అన్నారు.

స్కూటీ మీద వస్తూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాను. వెనక నుంచి మెల్లగా చెప్పింది: "నేను అన్‌మ్యూట్ చేస్తే అందరికీ ఆ చప్పుడే వినిపిస్తదమ్మా. సార్ ఏమన్నది అర్థం కాలేదు, మళ్లీ చెప్పు అంటరు. ఒకసారి చాట్‌ల ఎవరో హెలికాప్టర్ బొమ్మ పెట్టిన్రు. అప్పటి నుంచి నేను అడుగుత లేను."

గ్రీన్ లైట్ పడింది. వెనకవాళ్లు హారన్ కొట్టేదాకా నేను బండి కదపలేదు.

ఆ రాత్రి నుంచి ఈ ఫ్యాన్ సంగతి తేల్చాలనుకున్నాను. నేను కంప్యూటర్ ఇంజినీర్ని కాదు. నాకు అర్థమైనంత మీకూ చెబుతాను. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ పనిచేస్తుంటే వేడెక్కుతుంది. ఆ వేడిని ఒక చదునైన రాగి గొట్టం లాగి, సన్నటి రేకుల వరుస దగ్గరకు చేరుస్తుంది. ఫ్యాన్ ఆ రేకుల మధ్య నుంచి గాలి ఊది వేడిని బయటకు తోస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లు గాలిని అడుగున ఉన్న రంధ్రాల నుంచి పీల్చుకుంటాయి. అంటే ఫ్యాన్ అరుస్తోందంటే రెండే మాటలు: లోపల పని ఎక్కువైంది, లేదా గాలి ఆడట్లేదు. మా ఇంట్లో రెండూ జరిగాయి. వాటిలో సగం మేం చేసినవే.

మొదటిది దిండు. మెత్తటి దూది అడుగున ఉన్న రంధ్రాల్ని పూర్తిగా మూసేసింది. ముక్కు మూసి పరుగెత్తించినట్లు. గేమ్ ఆడుతోందని అనుమానించి హాల్లోకి తెచ్చి, ఆ చప్పుడును మేమే పెంచి, దాన్నే మళ్లీ సాక్ష్యంగా పట్టుకున్నామన్నమాట.

రెండోది కనిపెట్టడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. నా దగ్గర ఊరుకునేది పాప దగ్గరే ఎందుకు అరుస్తుంది? కీబోర్డ్ మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ అన్న మాట మీద క్లిక్ చేస్తే ఎక్కువ పని చేయిస్తున్న ప్రోగ్రాం పైకి వస్తుంది. సాయంత్రం ఆరున్నరకు పాప పక్కన కూర్చుని అది చూశాను. అన్నిటికంటే పైన ఉన్నది గేమ్ కాదు, యాంటీవైరస్. ల్యాప్‌టాప్ కొన్న రోజున షాపు కుర్రాడు వేసిచ్చినది. రోజూ సాయంత్రం ఆరున్నరకు ఫైళ్లన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసేలా టైం పెట్టి ఉంది. సరిగ్గా డౌట్స్ క్లాస్ మొదలయ్యే టైం. ఆ వేళకు నేను లెక్కలు కట్టేసి వంటింట్లో ఉంటాను కాబట్టి నాకెప్పుడూ వినిపించలేదు.

దాని కింద వీడియో క్లాస్. అది కొంత పని చేయించడం మామూలే. కానీ పాప వెనక దృశ్యం మసకగా కనిపించే బ్లర్ పెట్టుకుంది. ఎందుకంటే, హాల్లోకి తెచ్చాక వెనక ఆరేసిన బట్టలూ, నానమ్మా కనిపిస్తున్నారు. ఆ బ్లర్ కోసం కంప్యూటర్ ప్రతి బొమ్మలోనూ మనిషెక్కడ, గోడెక్కడ అని వేరుచేస్తూ ఉండాలి. పాత ల్యాప్‌టాప్‌కు అది పెద్ద బరువు. ఇక బ్రౌజర్‌లో నేను పొద్దున తెరిచి వదిలేసిన ట్యాబ్‌లు ఇరవై మూడు. ఆ మాట వాళ్ల నాన్నకు చెప్పలేదు, ఇక్కడ చదివి తెలుసుకుంటారు.

స్కాన్ టైం ఆదివారం మధ్యాహ్నానికి మార్చాను. బ్లర్ తీసేసి, ల్యాప్‌టాప్‌ని మళ్లీ లోపలి గది టేబుల్ మీదికి చేర్చాం. వెనక గోడ ఒక్కటే కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్ అండ్ బ్యాటరీ, అక్కడ పవర్ మోడ్ అని ఉంటుంది. క్లాస్ ఉన్నప్పుడు దాన్ని 'బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ'కి మార్చాం. ప్రాసెసర్ అనవసరంగా పరుగెత్తదు. వీడియో క్లాస్‌కు ఆ వేగం చాలు. మైక్ ఉన్న మామూలు వైరు ఇయర్‌ఫోన్ ఒకటి ఇచ్చాను. ల్యాప్‌టాప్ సొంత మైక్ ఫ్యాన్‌కు దగ్గరగానే ఉంటుంది కదా, మనకు వినిపించే చప్పుడు కంటే అవతలివాళ్లకు వినిపించేది ఎక్కువ. మీరు ఇవాళే చేయగలిగిన పని ఏదైనా ఉంటే ఆ ఇయర్‌ఫోన్ ఒక్కటే. మిగతావి నిదానంగా చూసుకోవచ్చు.

ఇంత చేసినా కొంత హోరు మిగిలింది. తొందరపడి ఎర్రగడ్డ ఆదివారం సంతలో మూడొందలు పెట్టి కింద పెట్టే కూలింగ్ ప్యాడ్ కొన్నాను. దానికి రెండు ఫ్యాన్లు. ఒక ఫ్యాన్ చప్పుడు తగ్గించడానికి మూడు ఫ్యాన్లు పెట్టుకున్న ఇల్లు మాది. ఇప్పుడది అటక మీద ఉంది, కావలసినవాళ్లు అడగండి.

తర్వాత అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందుల్లో ఒక రిపేర్ షాపుకు తీసుకెళ్లాను. అక్కడి తమ్ముడు "ఎన్నేండ్లయింది అక్కా విప్పక?" అన్నాడు. అసలు విప్పాలనే తెలియదన్నాను. నా ఎదురుగానే వెనక మూత తీశాడు. ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య బూడిదరంగు దుమ్ము పేరుకుని గుడ్డముక్కలా అయింది. చిమటాతో పట్టి లాగితే ఒకే పొరగా ఊడొచ్చింది. హైవే దుమ్ము, దివాన్ దూది, నానమ్మ వెంట్రుకలు, అన్నీ అందులోనే. గాలి ఎక్కడి నుంచి పోతుంది?

ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్ట్ కూడా ఎండి పెళుసెక్కింది. రెండు ఉపరితలాలు ఎంత నున్నగా ఉన్నా మధ్యలో కంటికి కనిపించని సందులుంటాయి. పేస్ట్ వాటిని నింపి వేడిని దాటిస్తుంది. అది ఎండితే వేడి లోపలే నిలిచి, ఫ్యాన్ ఎంత తిరిగినా ఫలితం ఉండదు. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపులకు చేరగానే పాడైపోకుండా తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. పాప వీడియో ఆగి ఆగి రావడం అందుకే. మేం ఇంటర్నెట్ వాళ్లకు ఫోన్ చేసి గొడవపడ్డాం కూడా.

శుభ్రం చేసి, పాత పేస్ట్ తుడిచి కొత్తది పూయడానికి ముప్పావుగంట పట్టింది, ఏడొందలు తీసుకున్నాడు. మీరు వెళ్తే మూత మీ ఎదుటే విప్పమనండి. వారంటీ ఇంకా ఉంటే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. ఇంట్లోనే ఊదుదామనుకునేవాళ్లకు ఒక మాట: పంక్చర్ షాపు గాలి పెట్టించకండి, అందులో తేమ ఉంటుంది. డబ్బా గాలి అయినా సరే, ఫ్యాన్ రెక్క తిరగకుండా పట్టుకుని ఊదాలి, లేకపోతే వేగం మించి బేరింగ్ పాడవుతుంది. టచ్‌ప్యాడ్ పైకి ఉబికినట్లుంటే మాత్రం అది దుమ్ము సంగతి కాదు, బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ తీసేసి, నొక్కకుండా, నేరుగా షాపుకు తీసుకెళ్లాలి.

ఇంకొకటి, ఫ్యాన్ పూర్తిగా ఊరుకోదు. అది గదిలో ఉన్న గాలినే లాగి ఊదుతుంది కాబట్టి, గది వేడి కంటే కిందికి ఎప్పటికీ చల్లార్చలేదు. మే నెల మధ్యాహ్నం గదిలో 38 డిగ్రీలుంటే దాని పాట్లు దానివి. అప్పుడు అరిచినా కంగారుపడకండి.

ఒక చిన్న హోరుకు ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. నాకూ అనిపించి కొంత చదివాను. తరగతి గదిలో పాఠం జరిగేటప్పుడు వెనక చప్పుడు 35 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. ఆ సాయంత్రాల్లో నా ఫోన్ యాప్ మా ల్యాప్‌టాప్ పక్కన 46 చూపించింది. ఫోన్ కొలత కచ్చితమైనది కాదు గానీ తేడా తెలుస్తుంది. న్యూయార్క్‌లో ఎత్తైన వంతెన మీద రైళ్లు నడిచే పట్టాల పక్కన ఒక బడి ఉండేది. ఆర్లిన్ బ్రాన్‌జాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆ బడిలో పట్టాల వైపు గదుల్లో కూర్చునే పిల్లలు అవతలి వైపు పిల్లల కంటే చదవడంలో వెనకబడ్డారని 1975లో చూపించారు. తర్వాత పట్టాల కింద రబ్బరు వేసి, గదుల పైకప్పులకు శబ్దాన్ని పీల్చే పలకలు బిగించాక ఆ తేడా పోయిందని 1981లో మళ్లీ రాశారు. మా మెట్రో వైపు కిటికీ మూయించిన నేను, పాప మోచేతి పక్కనున్న చప్పుడును మాత్రం పట్టించుకోలేదు. రైలు హోరూ ల్యాప్‌టాప్ హోరూ ఒకటి కావు, నిజమే. కానీ మా పాప నోరు మూయించింది రైలు కాదు.

ఆ మధ్యాహ్నం షాపు నుంచి తెచ్చి ఆన్ చేస్తే, ఆన్ అయిందో లేదో తెలియలేదు. వాళ్ల నాన్న వంగి చెవి పెట్టి చూశారు. పాపకు సారీ లాంటిదేమీ చెప్పలేదు. కానీ ఆ దుమ్ముపొర ఫోటో నా ఫోన్‌లోంచి తనకు పంపించమని, దాన్ని వాళ్ల అన్నదమ్ముల గ్రూపులో పెట్టి, "పిల్లల్ని అనే ముందు ఇది చూడండి" అని రాశారు. పాప అది చూసి ఏమీ అనలేదు, నాన్న ప్లేట్‌లో ఇంకో రొట్టె వేసింది.

బుధవారం నేను వంటింట్లో ఉన్నాను. లోపలి గదిలోంచి "సార్, నాకొక డౌట్" అని వినిపించింది. సరిగ్గా అప్పుడే కుక్కర్ విజిల్‌కు వచ్చింది. పరుగెత్తి స్టవ్ ఆపేశాను.