ఇంజను పట్టేసింది... పట్టు వదలలేదు!

సినిమాలో అయితే ఎంత సులువో చూడండి! వాన కురుస్తూంటుంది. హీరోయిన్ కారు ఆగిపోతుంది. హీరోగారు వచ్చి, బానెట్ ఎత్తి, ఎక్కడో ఓ వైరు కదుపుతారు. అంతే, ఇంజను స్టార్టు! ఆ వెంటనే డ్యూయెట్టు! అలాంటి సీన్లు వందల కొద్దీ చూసిన నాకు, పన్నెండేళ్లు కదలని ఇంజన్ని కదపడమంటే ఏమిటో 2025 వేసవిలో గానీ తెలిసిరాలేదు. పదకొండు రోజులు పట్టింది. డ్యూయెట్టు మాత్రం లేదు!

బండి ఏదంటారా? మాటడోర్ వ్యాను. బజాజ్ టెంపో వారు 1969 నుంచి తయారుచేసిన బండి. మా నాన్నగారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అటూ ఇటూ పోస్టర్ చెక్కలు, నెత్తిన రెండు మైకు హారన్లు. 1983లో ‘ఖైదీ’ వచ్చినప్పుడు మా తణుకు చుట్టుపక్కల ఊళ్లలో ఈ వ్యాను వెనక పరిగెత్తని పిల్లాడు లేడు. పగలంతా పబ్లిసిటీ, రాత్రయితే షిఫ్టింగు. అంటే ఒకే ప్రింటుతో రెండు ఊళ్లలో ఆట ఆడించడమన్నమాట. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాల్లో అయిపోతుంది. ఈ హాల్లో అయిన రీళ్లు ఆ హాలుకి వేళకి చేరకపోతే ఏం జరుగుతుందో నేల టిక్కెట్టులో కూర్చున్నవాళ్లకి చెప్పక్కర్లేదు!

తర్వాత డిజిటల్ వచ్చింది. రీళ్ల పెట్టెలు పోయాయి. 2013లో వ్యాను మా పెరట్లో వేపచెట్టు కిందకి చేరింది.

ఇప్పుడు నాన్నగారికి ఎనభై దాటాయి. కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఒకప్పుడు మైకులో ఊళ్లు అదరగొట్టిన గొంతు, ఇప్పుడు మంచినీళ్లు అడగడానికే తడుముకుంటోంది. రోజూ పొద్దున్నే కుర్చీ వేయించుకుని వ్యాను కేసే చూస్తూ కూర్చుంటారు. హైదరాబాదులో ఉన్న అన్నయ్య, ‘తుప్పు పెంచుకోవడం దేనికిరా, అమ్మేద్దాం’ అన్నాడు. పాత ఇనప సామాన్లాయన 5,000 అడ్వాన్సు ఇచ్చి, రెండు వారాల్లో వచ్చి పట్టుకుపోతానన్నాడు. నాన్నగారు ఔననలేదు, కాదనలేదు. అమ్మ మాత్రం చాటుగా, ‘ఒక్కసారి దాని చప్పుడు వినిపించరా’ అంది.

ఒకప్పుడు ఈ వ్యానులో క్లీనరుగా చేసి, మెకానిక్ అయిన బాబాయికి కబురు పెట్టాను. ఆయన వచ్చి క్రాంకు పుల్లీ బోల్టుకి పానా వేసి, దానికి నాలుగడుగుల ఇనప గొట్టం తొడిగి నొక్కాడు. ఊఁహూఁ! వెంట్రుకవాసి కదల్లేదు.

‘‘ట్రాక్టరుతో లాగుదామా బాబాయ్?’’

‘‘లాగితే తిరగదు చిన్నబాబూ, విరుగుద్ది. కనెక్టింగ్ రాడ్డు వంగిందంటే ఇంక కాటాకే! స్టార్టరు జోలికీ పోకండి. ముందు హెడ్డు దింపుదాం.’’

దింపడమూ తేలిక్కాదు. ఇనుము తుప్పయితే రెండింతలకు పైగా ఉబ్బుతుంది. అందుకే నట్టూ స్టడ్డూ ఒకదాన్నొకటి కరిచి పట్టుకుంటాయి. బాబాయి పద్ధతి ఏమిటంటే, ముందు వైరు బ్రష్షుతో మరలు తోమాలి. నూనె పట్టించి రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున్న నట్టుని విప్పేముందు కాస్త బిగించే వైపుకి కదపాలి! అప్పుడు తుప్పు పట్టు చిట్లుతుంది. తర్వాత పావు చుట్టు విప్పి, సగం వెనక్కి తిప్పి, మళ్లీ విప్పాలి. అప్పటికీ రాకపోతే నట్టుని గ్యాసుమంటతో ఎర్రగా కాల్చి, కొంచెం ఆరాక కొవ్వొత్తి ఆనిస్తే, కరిగిన మైనం మరల్లోకి తనంతట తానే పాకుతుంది. సైలెన్సరు వైపు స్టడ్డొకటి తెగిపోయింది. దాని మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగు చేశాడు. ఆ వేడికి పట్టు వదిలి, బుద్ధిమంతుడిలా బయటికొచ్చేసింది!

నాలుగో రోజుకి హెడ్డు దిగింది. మూడు సిలిండర్లు ఫరవాలేదు. మూడోదాంట్లో మాత్రం పిస్టన్ పైన ఎర్రటి తుప్పు వలయం. బండి ఆగినప్పుడు ఆ వాల్వు తెరుచుకుని ఉండిపోయిందట. పన్నెండు వానాకాలాల చెమ్మంతా అందులోకే పోయింది. ఆ వలయాన్ని ఎమెరీ కాగితంతో నున్నగా రుద్ది, పొడి ఎత్తేశాం. పవర్ స్టీరింగులో పోసే ఎర్రనూనె, అసిటోన్ సగం సగం కలిపి పిస్టన్ల మీద పోసి మూత వేశాం. అసిటోన్ నిప్పు చూస్తే భగ్గుమంటుంది. అందుకని గ్యాసు సిలిండరు గేటు బయటికి, బాబాయి బీడీ రోడ్డు మీదికి!

ఆపైన ఎదురుచూపులే. రోజుకి రెండుసార్లు నూనె పోయడం, పిస్టన్ మీద చెక్కదిమ్మ ఆనించి సుత్తితో మెల్లగా తట్టడం, గొట్టం అటోసారి ఇటోసారి నొక్కడం. అదే వరండాలో ఫిజియోథెరపీ అమ్మాయి నాన్నగారి చేతికి అటూ ఇటూ వ్యాయామం చేయిస్తోంది. ‘‘బలవంతం వద్దు తాతగారూ, కొంచెం చాలు. రేపు ఇంకొంచెం’’ అంటోంది. బాబాయి నా వైపు చూసి నవ్వాడు. నాకు మాత్రం గొంతు పట్టేసింది.

ఎనిమిదో రోజు సాయంత్రం గొట్టం నా చేతి కింద వేలెడు దిగింది. ‘‘ఆపండి! ఇప్పుడు వెనక్కి!’’ అని బాబాయి కేక. అలా వేలెడు బెత్తెడయింది, బెత్తెడు బారెడయింది, చీకటిపడే వేళకి క్రాంకు పూర్తిగా ఓ చుట్టు తిరిగింది. సిలిండర్లు తుడిచి, కొత్త గ్యాస్కెట్టుతో హెడ్డు బిగించి, ఆయిలు మార్చి, ట్యాంకు కడిగి, బ్యాటరీ పెట్టి, డీజిల్ లైన్లో గాలి తీసేసరికి ఇంకో మూడు రోజులు.

పదకొండో రోజున ఇంజను ముందు దగ్గింది, తర్వాత తుమ్మింది. ఆనక వేపచెట్టంతా పొగ కమ్మేసి... డగడగడగ! కొత్త బండి చప్పుడు కాదు, ముసలి బండి చప్పుడే. అయితేనేం?

ఈ వయసు బండి రోడ్డెక్కాలంటే ఫిట్‌నెస్ కాగితాలూ అవీ చాలా ఉన్నాయి. ఆ ముచ్చట మాకు లేదు. పెరట్లో మోగితే చాలు. పాత ఇనప సామాన్లాయన అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాను. అన్నయ్య ఫోన్లో ఆ చప్పుడు విని, అమ్మకం మాట ఇంక ఎత్తలేదు.

మరి నాన్నగారు ఏమన్నారంటారా? అమ్మ భుజం పట్టుకుని లేచి వచ్చి, ఎడమచెయ్యి మడ్‌గార్డు మీద ఆనించి చాలాసేపు నిలబడ్డారు. ఆఖరికి మాటలు కూడగట్టుకుని అడిగారు:

‘‘మైకు... కట్టారా?’’